రుక్మాబాయి పురుగుల పాఠం

రుక్మాబాయి తన నౌకరీ మొత్తంలో ఒక్క పిల్లవాణ్ని కూడా కొట్టలేదు. అందుకే ఆమె అంటే పిల్లలకు హడల్. నేను కొట్టేవాణ్ని. పొద్దున తిన్న బెత్తం దెబ్బలు మధ్యాహ్నానికే మర్చిపోయి వాళ్లు నా సైకిలు వెనక ఉరికేవాళ్లు. ఆమె కొట్టకుండా చూపించేది. ఆమె చూపించినదాన్ని మర్చిపోయినవాళ్లు లేరు. మర్చిపోదామని తంటాలు పడ్డవాళ్లు మాత్రం ఉన్నారు.

నా పేరు లింగమూర్తి. చెన్నూరుకు ఎగువన, అడవి మొదలయ్యే చోట ఒక ఊరి బడిలో నేనూ ఆమే టీచర్లం. లెక్కలు, తెలుగు నావి, మిగతావన్నీ ఆమెవి. ఊరి పేరు రాయను. రాస్తే ఈ వయసులో కూడా నా ఇంటి మీదికి వచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

అరవైతొమ్మిదిలో గొడవలకు మూతబడ్డ బళ్లు మళ్లీ తెరుచుకున్నప్పుడు ఆమె మా ఊరికి వచ్చింది. హుజూరాబాద్ దగ్గర భూములున్న ఇంటి బిడ్డ. మొగుడు ఇంకొకామెను ఇంట్లోకి తెచ్చి, ఇద్దరూ ఉండండి, నాకేం అభ్యంతరం లేదన్నాడట. అభ్యంతరం ఈమెకు ఉంది. ట్రంకుపెట్టె సర్దుకుని టీచర్ ట్రైనింగుకు పోయింది. అన్నలు ఇక్కడిదాకా వచ్చి, మన ఇంటి ఆడిబిడ్డ గీ అడవిల పంతులమ్మ పని చేసుడేందని గునిశారు. "మీ ఇంట్ల వదినెలకు వండిపెట్టుడు కంటె నయమే" అని ఆమె వాళ్లకు చాయ్ కూడా పోయకుండా పంపింది. ఆ వచ్చిన అన్నలు మళ్లీ ఈ దిక్కు చూడలేదు.

సామాన్యశాస్త్రం పుస్తకంలో పురుగు బతుకును నాలుగు బొమ్మలుగా వేసి, మధ్యలో బాణం గుర్తులు పెట్టి ఉండేది. గుడ్డు, గొంగళిపురుగు, కాయ, సీతాకోక. మిగతా బళ్లలో పిల్లలు దాన్ని బట్టీపట్టి పాసయ్యేవారు. ఈమె మొదటిరోజే ఆ పుస్తకాలు మూయించింది.

"బొమ్మల పురుగు తినది, పెంటవెట్టది, సావది. గది పురుగెట్లయితది?" అన్నది.

అప్పటినుంచి బడి బడిలా లేదు. పగిలిన కుండలో దోమపిల్లలు, జిల్లేడు కొమ్మ మీద చారల పురుగులు, అటుకుల డబ్బాలో పేడపురుగులు. వాటికి మేత వెయ్యాలి, పెంట ఎత్తాలి, రోజూ ఏం మారిందో చెప్పాలి. ఒకసారి ఆడపిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి, ఒకరి తలలోవి ఒకరితో తీయించి, ఈపి నుంచి పేను దాకా పాఠం అక్కడికక్కడే చెప్పింది. తల్లులు వచ్చి పరువు తీసిందని లొల్లి పెట్టుకున్నారు. "మీరు నెత్తిమీద పెంచుతున్నరు, నేను పుస్తకంల చెప్పాల్నా?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు. ఆ తల్లులకు మాత్రం నవ్వు రాలేదు.

ఆమెకు ఒకటే సూత్రం. "చూసింది చెప్పాలె. చూడంది చెప్పొద్దు." పిల్లలతో రోజూ అనిపించేది. ఆ సూత్రానికి దయాదాక్షిణ్యాలు లేవు, ఆమెకూ లేవు.

ఊరిపెద్ద సాంబయ్య మనవడు కొండల్ ఒకరోజు ఆమె చూడకుండా ఒక కాయను బ్లేడుతో చీల్చాడు. అందులో పురుగూ కాదు, సీతాకోకా కాదు, తెల్లటి ముద్ద ఒకటి వణుకుతూ కారిపోతున్నది. వాడు భయపడి విసిరెయ్యబోతే ఆమె వాడి చెయ్యి పట్టుకుంది. "చూడాలనే కదా కోసినవు? చూడు" అని ఆ ముద్దను వాడి పలక మీద పెట్టించి, అది కదలడం మానేసేదాకా వాణ్ని దాని ముందు కూర్చోబెట్టింది. అన్నం బెల్లు కొట్టినా లేవనివ్వలేదు. వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను పోయి ఇగ చాలమ్మా అంటే, "వాని చేత్తోని అయింది, వాడు చూడకుంటె ఎవలు చూస్తరు?" అన్నది. నాకు ఆమె మీద ఒళ్లు మండిన రోజుల్లో అది మొదటిది.

ఇప్పుడు పట్టుకాయల సంగతి చెప్పాలి. మా ఊరివాళ్లకు పొలాలకంటే అడవిలోని నల్లమద్ది చెట్లే ఆధారం. ఆ ఆకు తిని దసలి పట్టుపురుగు పెరుగుతుంది, కోడిగుడ్డంత కాయ కడుతుంది. కాయను ఉడకబెట్టి దారం తీస్తారు, లోపలి ప్రాణి లోపలే చస్తుంది. అది బతికి బయటికి వస్తే కాయకు బొక్క పడుతుంది, బొక్క పడ్డ కాయను షావుకారు ముట్టడు.

వానలు మొదలైనప్పటినుంచి కాయ కట్టేదాకా మగవాళ్లు వాగు అవతల చెట్ల మధ్య గుడిసెలు వేసుకుని ఉంటారు. ఒడిసెలతో పిట్టలను కొడతారు, కందిరీగలను తోలుతారు. అన్నాళ్లూ మాంసం ముట్టరు, కల్లు ముట్టరు, గడ్డం గీయరు. ఆడమనిషి ఆ చెట్ల కిందికి రాకూడదు. సద్ది తెచ్చిన పెండ్లాం కూడా వాగు ఇవతలే గంప దించి, కేకేసి వెనక్కి తిరగాలి. పాలు తాగే పిల్లయినా సరే, ఆడదైతే వాగు దాటొద్దు. ఎందుకంటే మైల తగులుతుందట, పురుగులు అలుగుతాయట. నేను ఈ మాట మీద నవ్వేవాణ్ని, అది కూడా మా ఇంట్లో, తలుపు వేసుకుని.

రాయమల్లు అలా పురుగులు మేపేవాళ్లలో ఒకడు. అతని బిడ్డ బాలలక్ష్మి ఐదో తరగతి. పదకొండేళ్ల పిల్ల, బక్కది, నోరు పెద్దది. పురుగుల డబ్బాల దగ్గరికి మిగతావాళ్లు ముక్కు మూసుకుని వస్తే ఈ పిల్ల ముక్కు పెట్టి చూసేది. ఏ పురుగు మేత మానేసిందో, ఏది కుబుసం విడవబోతున్నదో ముందే చెప్పేది. మా ఊళ్లో ఐదో తరగతి దాటిన ఆడపిల్ల అప్పటికి ఒక్కతె కూడా లేదు. పై చదువుకు చెన్నూరు పోయి హాస్టల్లో ఉండాలి. రుక్మాబాయి రాయమల్లు ఇంటికి ఎన్నిసార్లు తిరిగిందో. చివరికి అతను సరేనన్నాడు.

"గీయేడు కాయ పంట మంచిగొస్తే పంపుత టీచరమ్మా. పంట రాకుంటె నన్ను అడగకు" అన్నాడు.

అతని భార్య ఐలవ్వ కూడా ఒప్పుకుంది. ఆ పిల్ల ఆ మాట పట్టుకుని ఎగిరిన ఎగురుడు చూసి నేనే, పంట రాకముందే పెట్టె సర్దకు బిడ్డా, అని ఆటపట్టించాను.

చలికాలంలోనే రుక్మాబాయి రాయమల్లును కొన్ని కాయలు అడిగి తెచ్చింది. మంచి కాయలు అమ్మకానికి పోతాయి కాబట్టి అతను ఏరగా పక్కన పడేసినవి ఇచ్చాడు. వేలితో నొక్కితే సొట్టపడే మెత్తటి కాయలు. ఆమె వాటిని దారానికి గుచ్చి బడి కిటికీకి కట్టింది. ఎండాకాలమంతా అవి అక్కడే వేలాడాయి. జూన్లో బడి తెరిచాక తొలకరి పడ్డ సాయంత్రం ఒక కాయ కొస తడిసి, అందులోంచి ముడుచుకుపోయిన ప్రాణి ఒకటి బయటికి పాకింది. పిల్లలెవరూ ఇంటికి పోలేదు. రెక్కలు మెల్లగా సాగి అరచెయ్యి దాటాయి. ఒక్కో రెక్క మీద అద్దంలాంటి చుక్క. దానికి నోరు లేదని, ఇక అది ఏమీ తినదని, జతకట్టి గుడ్లు పెట్టి చావడమే దాని పని అని ఆమె చెప్పింది. "పాపం" అన్నదొక పిల్ల. "పాపం అనకు, చూడు" అన్నది ఈమె.

అవి జతకట్టాయి, దోమతెర గుడ్డ మీద గుడ్లు పెట్టాయి, చచ్చాయి. గుడ్ల నుంచి చీమంత పురుగులు బయటికొస్తున్నప్పుడు పాఠానికి కొన్ని చాలు, మిగతావి ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. పారెయ్యడానికి ఆమెకు కూడా మనసొప్పలేదు. ఎన్నడూ లేనిది ఆ ఒక్కరోజే ఆమెకు దయ పుట్టింది. ఆకు దొప్పలో గుడ్లూ పిల్లలూ పెట్టి బాలలక్ష్మి చేతికిచ్చింది.

"మీ బాపుకియ్యి. చెట్టుకు కట్టమను. బతుకుతయి, మీకు నాలుగు కాయలెక్కువైతయి" అన్నది.

పిల్ల ఆ దొప్పను బాపుకివ్వలేదు. బాపు సద్దికోసం వాగు ఇవతలికి వచ్చిన వేళ చూసి, పొదల వెంట వాగు దాటి, తానే స్వయంగా ఒక మద్ది కొమ్మకు కట్టి వచ్చింది. తన పురుగులు చెట్టెక్కుతుంటే తన కళ్లతో చూడాలి కదా. నేర్పిందెవరు మరి.

ఆ ఏడు వానలు తొలకరిలో ఊరించి తర్వాత మొహం చాటేశాయి. అది గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది. ఎండ కాసింది, మద్ది ఆకు బాగానే ఉంది, పురుగులు ఎదుగుతున్నాయి, రాయమల్లు గడ్డం పెంచుకుని సంబరంగా తిరుగుతున్నాడు. తర్వాత ఒక చెట్టు మీది పురుగులు మేత మానేశాయి. ఒంటి మీద మిరియపుపొడి చల్లినట్టు నల్లచుక్కలు. ముడుచుకుపోయి టపటపా రాలాయి. ఆ చెట్టు నుంచి పక్క చెట్టుకు, రాయమల్లు చెట్ల నుంచి పక్కవాళ్ల చెట్లకు పాకింది. కాయ కట్టే వేళకు వాగు అవతల ముక్కు పెట్టలేనంత కంపు.

ఊరు కారణం వెతికింది. అందరి ఇళ్లలో పొయ్యి ఆరబోతున్నప్పుడు కారణం దొరికేదాకా ఊరు నిద్రపోదు. కొండల్ తాతకు చెప్పాడు, బాలలక్ష్మి వాగు దాటి చెట్ల కిందికి పోతుంటే తాను చూశానని. వాడికి ఆ పిల్ల మీద పగేమీ లేదు. తర్వాత నేను చెవి మెలిపెట్టి ఎందుకు చెప్పినవురా అంటే, "టీచరే కదా సార్, చూసింది చెప్పాలన్నది" అన్నాడు. నా చెయ్యి దానంతటదే కిందికి జారింది.

సాంబయ్య ఊరికి పెద్ద. అతని చెట్లు కూడా పోయాయి. రాయమల్లు ఇంటి ముందు నిలబడి తీర్పు చెప్పాడు: వచ్చే ఏడు రాయమల్లు వాగు దాటకూడదు, ఆ పిల్ల బడికి పోకూడదు, ముందుగా ఆ పిల్లే చచ్చిన పురుగులన్నిటినీ చేతులతో ఏరి గుంతలో పూడ్చాలి.

"మల్ల ఆడపిల్లను చెట్ల కిందికి తోలుతున్నవేంది సాంబన్నా? మైల కాదా?" అని నేను అడిగాను.

"ఇగ సచ్చినంక మైలేంది సారు" అన్నాడు.

ఆ పిల్లకు ఒక గంప ఇచ్చారు. పదకొండేళ్ల పిల్ల, కింద పడ్డవి, కొమ్మలకు తలకిందులుగా వేలాడుతున్నవి ఒక్కొక్కటే ఏరి గంపలో వేస్తున్నది. పట్టుకుంటే చితికి నల్లటి నీళ్లు మోచేతిదాకా కారుతున్నాయి. మగవాళ్లు ఒడ్డున కూర్చుని చుట్టలు తాగుతూ చూశారు. రాయమల్లు గుడిసె లోపల మొహం దాచుకున్నాడు. తల్లి ఐలవ్వ వాగు ఇవతల నిలబడి ఉంది. బిడ్డ దాటిన వాగును తాను దాటే ధైర్యం కూడా లేకపోయింది.

బాలలక్ష్మి మాత్రం ఏడవలేదు. నేను దగ్గరికి పోతే తల ఎత్తి చూసింది.

"నేను నడిస్తె పురుగులు సస్తయా సార్? పురుగులకు ఆడ మొగ తెల్వదు. టీచర్ చెప్పింది. వీండ్లకే తెల్వదు" అన్నది.

ఒడ్డున అంతమంది ఉన్నారు. వాళ్లందరికంటే ఆ పిల్ల ఒక మెట్టు పైన ఉంది. తాను ఏ తప్పూ చెయ్యలేదని దానికి తెలుసు. ఆ తెలివి ఒక్కటే దాన్ని నిలబెట్టింది. ఈ గంప పని ఒకరోజుతో అయిపోతుంది, రాయమల్లు కోపం ఏడాదికి చల్లారుతుంది, ఏదో ఒక సాకుతో పిల్లను చెన్నూరు పంపొచ్చని నేను నిలబడ్డచోటే లెక్కలు వేసుకుంటున్నాను.

రుక్మాబాయి ఆ పొద్దున ఊళ్లో లేదు. రాలిన పురుగులను, బడిలో గుడ్లు పెట్టి చచ్చిన తల్లులను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని చెన్నూరు పోయింది. పట్టుగుడ్లు పరీక్షించి రైతులకిచ్చే కేంద్రం ఒకటి అక్కడ ఉండేది. మా వాళ్లు గుడ్లు అక్కడినుంచే తెచ్చుకునేవారు. ఊరి పిచ్చిమాటలకు ఒక్క గట్టి సాక్ష్యం దొరికితే పిల్ల బతికిపోతుందని ఆమె ఆశ. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా తిన్నగా వాగు దాటి వచ్చింది. ఆడమనిషి దాటుతుంటే ఎవరూ ఆపలేదు. ఆమె మొహం చూసి ఆపలేదనుకుంటాను.

"సాంబయ్యా, పిల్లను ఆపు. పిల్ల నడిస్తె పురుగులు సావలే."

"మల్ల ఎట్ల సచ్చినయి?"

"రోగం గుడ్లల్లనే ఉండె. చెన్నూర్ల యంత్రంల పెట్టి చూపిచ్చిండ్రు, నా కండ్లతోని చూసిన. తల్లికి రోగముంటె గుడ్లకొస్తది, గుడ్ల నుంచి పురుగుకొస్తది. గా పురుగు పెంట తలిగిన ఆకు ఏది తింటె గది సస్తది. గందుకే సర్కారోళ్లు గుడ్లు వెట్టినంక తల్లిని నలిపి చూస్తరట. రోగముంటె గుడ్లు కాలవెడుతరట."

"మేం తెచ్చుకున్నయి సర్కారు గుడ్లే కదా" అన్నాడు సాంబయ్య.

"మీవి మంచియే. రోగం బడిల పెట్టిన గుడ్లల్ల ఉండె. నేను నలిపి చూడలే. చూడకుండ పంపిన. తప్పు నాది."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సాంబయ్య చుట్ట తీసి పక్కన పెట్టాడు. అతను చదువుకోలేదు గాని మొద్దు కాదు.

"పంపినవు. ఎవల చేత పంపినవు?"

బాలలక్ష్మి గంప దించింది. పాఠంలో ప్రశ్న అడిగినట్టే, వరుసగా, ఒకటి తర్వాత ఒకటి అడిగింది.

"నేను కట్టిన దొప్పల ఉండెనా టీచర్, రోగం?"

"ఉండె."

"అన్ని చెట్లకు గా దొప్పలకెల్లే పాకిందా?"

"గండ్లకెల్లే."

"అంటె నేనే సంపిన్నా?"

ఒక్క మాట. కాదంటే అయిపోయేది. నాలాంటివాడు రోజుకు పది అబద్ధాలాడతాడు, అందులో ఒకటి ఈమెకు అప్పివ్వలేకపోయానే అనిపించింది. ఆమె ఆ పిల్ల కళ్లలోకి చూసి చెప్పింది.

"అవును. కాని నీకు తెల్వక అయింది."

ఆ 'కాని' తర్వాత ముక్క ఆ పిల్ల చెవికి చేరలేదు. ఊరంతా కలిసి చెయ్యలేని పని ఈమె ఒక్క మాటతో చేసింది. బాలలక్ష్మి మళ్లీ గంప ఎత్తుకుంది. ఇందాక ఊరు చెప్తే ఏరింది; ఇప్పుడు ఎవరూ చెప్పకుండా ఏరింది. సాంబయ్యే లేచి ఇగ చాలు పో బిడ్డా అన్నాడు. వినలేదు. రాయమల్లు గుడిసెలోంచి వచ్చి చెయ్యి పట్టి లాగాడు. విడిపించుకుని ఇంకో చెట్టు కిందికి పోయింది. మొహం మీదికి జారిన వెంట్రుకలు తోసుకుంటే నల్లటి నీళ్లు చెంపలకు అంటుకున్నాయి. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూ ఏరింది. రుక్మాబాయి కూడా వంగి ఏరబోతే, "నువ్వు ముట్టకు" అన్నది. టీచర్ అనలేదు.

ఊరు యంత్రాన్ని నమ్మిందా, మైలను నమ్మిందా అని అడిగితే, రెండింటినీ నమ్మింది. ఎటు చూసినా తప్పు ఆ పిల్లదే అయింది కదా, ఇంక ఏదో ఒకటి ఏరుకునే పనేముంది. సాంబయ్య తీర్పులో ఒక్క అక్షరం మారలేదు. పిల్లను బడికి పంపొద్దన్న మాట అక్కర్లేకపోయింది, ఆ పిల్లే రానన్నది. రుక్మాబాయి వాళ్లింటికి పోయింది. ఐలవ్వ పీట వేసి మంచినీళ్లిచ్చింది. పిల్ల గోడవారన కూర్చుని తల్లి దగ్గర బీడీలు చుట్టడం నేర్చుకుంటున్నది. ఈమె ఎంతసేపు కూర్చున్నా అది తల ఎత్తలేదు. రాయమల్లు ఆ తర్వాత ఎవరినో పట్టుకుని బొంబాయి మీదుగా మస్కట్ పోయాడు. మద్ది చెట్లు ఎక్కిన మనిషి అక్కడ ఇసుకలో ఇటుకలు మోశాడు. బాలలక్ష్మికి పెద్దమనిషైన ఏడాదే ఊళ్లోనే పెండ్లి చేశారు.

బదిలీ పెట్టుకొమ్మని నేను రుక్మాబాయికి చెప్పాను. "ఏడికి పోయినా పురుగులుంటయి" అన్నది. ఊరు ఆమెకు పాలు పొయ్యడం మానేసింది. ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. బడి వెనక గదిలోకి మారి, నల్ల చాయ్ తాగుతూ బతికింది. మనుషులకు మరపు ఎక్కువ కాబట్టి రెండు మూడేళ్లకు పాలు మళ్లీ వచ్చాయి. ఆమె వద్దన్నది.

పురుగుల పాఠం మాత్రం మానలేదు. ఒక్క మార్పు చేసింది. ప్రతి ఏడూ సీతాకోక గుడ్లు పెట్టగానే పిల్లలందరి ముందూ తల్లిని రాయితో నలిపేది, గుడ్లను కుంపట్లో వేసేది. చిన్నపిల్లలు కళ్లు మూసుకునేవారు. "కండ్లు తెరువుండ్రి" అనేది. పుస్తకంలో నాలుగు బొమ్మలు, మా బడిలో ఐదు. ఐదోది కుంపటి. నాకు అసహ్యమేసేది. కానీ ఏమనాలి, రుక్మాబాయి చేతికి చిక్కిన మొదటి శిష్యురాలు రుక్మాబాయే.

ఇది తొంభైరెండు దాకా అలాగే నడిచింది. ఆమె రిటైర్మెంట్ దగ్గరపడింది. ఐదో తరగతిలో రజిత అని ఒక పిల్ల ఉండేది. బాలలక్ష్మి బిడ్డ. తల్లిలాగే బక్కది, తల్లిలాగే ప్రశ్నల పుట్ట. బాలలక్ష్మి బిడ్డను బడికి పంపింది గాని తాను ఎన్నడూ బడి గడప తొక్కలేదు. దారిలో ఎదురైతే రుక్మాబాయిని చూసి పక్క సందులోకి తిరిగేది.

ఆరోజు కుంపటి రాజేస్తుండగా నేను గుమ్మంలో ఉన్నాను. రజిత లేచి నిలబడింది.

"టీచర్, గుడ్లు ఎందుకు కాలవెడుతున్నవు?"

"రోగముంటె చెట్లకు తలుగుతది."

"మా తాత పురుగులు గట్లనే సచ్చినయా? మా అమ్మనే సంపిందట. అందరు గట్లనే అంటరు. నిజమేనా?"

కొంతమంది పిల్లలకు ఆ కథ ఇళ్లలో విని తెలుసు. రుక్మాబాయి చేతిలో గుడ్డముక్క అలాగే ఉంది. ఆమె ఆ పిల్లను చాలాసేపు చూసింది. వయసు మీద పడ్డాక ఆమె చూపు మందగించింది, ఆ క్షణంలో తల్లిని చూస్తున్నదో బిడ్డను చూస్తున్నదో నేను చెప్పలేను.

"కాదు బిడ్డా" అన్నది. "గాయేడు వానలు శానా పడ్డయి. వానకు సచ్చినయి. మీ అమ్మ ఏం చెయ్యలే."

ఆ ఏడు వానలే లేవు. ఆమె నోట అబద్ధం వినడం నాకు అదే మొదలు. ముసలితనంలోనైనా ఈ మనిషికి బుద్ధి వచ్చిందని సంతోషించాను. ఆ సాయంత్రం నా వంతు చాయ్‌లో పాలు పోసి ఆమెకిచ్చాను. తాగింది కూడా.

మర్నాడు బడి విడిచే వేళ బాలలక్ష్మి వచ్చింది. చేటలో సగం చుట్టిన బీడీలు, తునికాకు, అన్నీ చంకలో పెట్టుకుని అలాగే వచ్చింది. చెప్పులు విడిచి, గడప ఇవతలే నిలబడింది. రుక్మాబాయి కుర్చీలోంచి లేచింది.

"నా బిడ్డకు వాన అని చెప్పినవట."

"చెప్పిన."

"గాయేడు వాన పడ్డదా?"

"పడలే."

"మల్ల అబద్ధమేనా?"

"అబద్ధమే" అన్నది రుక్మాబాయి. "నీ బిడ్డ నిన్ను గట్ల అనుకోవద్దని చెప్పిన."

బాలలక్ష్మి తల ఊపింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే నేను మధ్యలో దూరి ఏదో ఒకటి చెప్పి సర్దేవాణ్ని.

"నీకు అబద్ధం చెప్పరాదనుకున్న టీచర్. పాపం, గామె నోటికి రాదు, వస్తె నాకు చెప్పకపోవునా అనుకున్న. ఇన్నేండ్లు గదే అనుకోని ఊకున్న." చంకలో చేట జారుతుంటే సర్దుకుంది. "నీకు వస్తదన్నమాట."

రుక్మాబాయి తన కుర్చీని ఆమె వైపు జరిపింది; బాలలక్ష్మి గడప దాటలేదు.

"మరి నాకెందుకు చెప్పలే? నాగ్గూడ గప్పుడు పదకొండేండ్లే."

బాలలక్ష్మి చేటను గడప పక్కన దించి, రుక్మాబాయి మొహంలోకి చూసింది. తర్వాత చేట ఎత్తుకుని, చెప్పులు వేసుకుని, బిడ్డను పిలుచుకుని పోయింది.